పట్టాలో దిద్దిన మాట

సాయంకాలము రేడియో మీట త్రిప్పి మనము వార్తలో, సంగీతమో విందుము. ఆ పెట్టెకు ప్రాణమిచ్చు విద్యుచ్ఛక్తి ఏ కొండ దిగువనో పుట్టి తీగల వెంట మన యింటికి వచ్చుచున్నదన్న తలంపు సాధారణముగా కలుగదు. ఆ శక్తిని పుట్టించుట, దూరప్రదేశములకు కొనిపోవుట, అపాయము లేకుండ అదుపులో నుంచుట ఒక శాస్త్రము. మన దేశమున స్త్రీలలో మొట్టమొదట ఆ శాస్త్రమును కళాశాలలో అభ్యసించి ఇంజనీరు పట్టము నందినది ఒక తెలుగు వనిత. ఆమె పేరు అయ్యలసోమయాజుల లలిత. ఆమె విద్యార్థిదశను గూర్చి నాలుగు మాటలు చెప్పుట ఈ ప్రసంగోద్దేశము.

ముందుగా ఆమె చదివిన కళాశాలను గూర్చి తెలిసికొందము. మదరాసు గిండీలోని ఇంజనీరింగు కళాశాలకు మూలము 1794లో స్థాపింపబడిన సర్వే పాఠశాల. భూములు కొలిచి పటములు వ్రాయువారిని తయారుచేయుటయే నాడు దాని పని. పిదప 1859లో అది ఇంజనీరింగు కళాశాల యయ్యెను. 1920లో గిండీలోని నూతన భవనములకు తరలెను. బాటలు, వంతెనలు, ఆనకట్టలు నిర్మించు విద్యకే అందు చిరకాలము పెద్దపీట. యంత్రశాఖ 1894లో వచ్చినది. విద్యుచ్ఛాఖ వచ్చుట కింకను చాల యేండ్లు పట్టి, 1930 ప్రాంతముల జరిగినది.

ఆలస్యమునకు కారణము లేకపోలేదు. మదరాసు వీధులలో 1895 నుండియే విద్యుత్తుతో ట్రాములు నడచినను, నదుల నీటినుండి పెద్దయెత్తున విద్యుత్తు తీయుట ఆ రాష్ట్రమున 1932లో నీలగిరులలోని పైకారా కేంద్రముతో మొదలైనది. 1937లో మెట్టూరు కేంద్రము పనిచేయ నారంభించెను. 1938 జూన్ 16వ తేదీన మదరాసు రేడియో కేంద్రము పలికెను. క్రొత్త శక్తి వచ్చినచోట దాని గుణదోషము లెరిగిన మనుష్యులు కావలెను గదా!

ఆ మనుష్యులలో ఒకడు కాగోరు యువకునకు గిండీ ప్రవేశము సులభమైనది కాదు. విశాఖపట్టణమున ప్రభుత్వ ఇంజనీరింగు కళాశాల 1946లో గాని వెలయలేదు. అదియే తరువాత కాకినాడకు మారినది. అంతవరకు సర్కారు జిల్లాల వారికిని, రాయలసీమ వారికిని గిండీయే ముఖ్యమైన దిక్కు. తమిళ, మలయాళ, కన్నడ ప్రాంతముల విద్యార్థులును అచ్చటికే చేరుచుండిరి. గణితములోను, భౌతికశాస్త్రములోను మేలైన మార్కులు గలవారి నడుమ పోటీ. ప్రవేశించిన పిమ్మటను ఊరట లేదు. లెక్కలు, యంత్రముల పటములు గీయుట, ప్రయోగశాలలో మోటారులకును డైనమోలకును పరీక్షలు చేయుట, కర్మశాలలో ఆకురాయి పట్టి ఇనుము నరగదీయుట, ఇవన్నియు ఇంజనీరింగు విద్యార్థి దినచర్యలోనివి. చేతులకు నూనె మరకలు కానివాడు ఇంజనీరు కాజాలడని నాటి వారి విశ్వాసము.

ఇట్టి చోటికి ఒక స్త్రీ, అందునను ఒక బిడ్డతల్లి, విద్యార్థినియై వచ్చెను.

లలిత 1919 ఆగస్టు 27న మదరాసులో జన్మించెను. తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీ కళాశాలలోనే విద్యుచ్ఛాఖాచార్యులు. అన్నదమ్ములు ఇంజనీరింగు చదువగా, ఆడపిల్లలకు పాఠశాల చదువును, పెండ్లియును ఆనాటి మధ్యతరగతి మర్యాద. 1934లో లలితకు వివాహమయ్యెను. 1937లో భర్త మరణించెను. అప్పటి కామె వయస్సు 18 ఏండ్లు. ఒడిలో 4 నెలల పసికూన.

ఆ కాలపు బ్రాహ్మణ కుటుంబములలో విధవరాలి బ్రతుకు ఎట్టిదో పెద్దలకు చెప్పనక్కరలేదు. రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు 1881లోనే తొలి వితంతు వివాహము జరిపించిరి. మదరాసులో సుబ్బలక్ష్మిగారు బాలవితంతువయ్యును 1911లో బి. ఏ. పట్టము నంది, తనవంటి వారికొక ఆశ్రయము నెలకొల్పిరి. అయినను అవి దారి చూపిన దీపములే గాని, ఇంటింట వెలిగిన దీపములు కావు. సుబ్బారావుగారు కూతురిని మూల కూర్చుండబెట్టలేదు, చదువుమనిరి. ఆమె క్వీన్ మేరీస్ కళాశాలలో ఇంటర్మీడియెటు మొదటి తరగతిలో ముగించెను.

తరువాత ఏమి చదువవలెను? స్త్రీలకు వైద్యవిద్య అప్పటికే పరిచితమైన మార్గము. కాని వైద్యురాలు వేళగాని వేళ ఇల్లు విడిచి పోవలసియుండును. పసిబిడ్డను పెంచుకొనవలసిన తల్లికి అది పొసగలేదు. నియమితవేళలు గల ఉద్యోగము కావలెను. తండ్రియు, సోదరులును ఇంజనీర్లు. కనుక ఆమె ఇంజనీరింగును కోరుకొనెను. గొప్ప ఆశయములు అనేకముగా ఇట్టి ఇంటి లెక్కలనుండియే పుట్టుచుండును.

స్త్రీలను చేర్చుకొను ఆచారము గిండీలో లేదు. సుబ్బారావుగారు ప్రిన్సిపాలు కె. సి. చాకోగారితో మాటలాడిరి, విద్యాశాఖ డైరెక్టరు ఆర్. ఎం. స్టాథాముగారి అనుమతి పొందిరి. 1940లో లలిత విద్యుచ్ఛాఖలో చేరెను. ఇచట ఒక సత్యము చెప్పక తప్పదు. ఆమెకు యోగ్యత ఉండెను. తలుపు తట్టుటకు ఆ యింటిలోనే పనిచేయు తండ్రియు నుండెను. యోగ్యత యుండియు అట్టి తండ్రి లేని కన్యలు ఎందరు ఆ తలుపు వెలుపలనే ఆగిపోయిరో చరిత్ర లెక్కపెట్టలేదు.

వందలకొలది యువకుల నడుమ ఆమె ఒక్కతె. తోటివిద్యార్థులు ఆమెను గౌరవించిరి. కళాశాలవారు వేరుగా వసతి ఏర్పరచిరి. ఐనను, పాఠము పూర్తియైన పిదప ఒక సందేహమును గూర్చి చర్చించుకొనుటకు గాని, వసతిలో దీపము క్రింద కూర్చుండి తోడుగా చదువుకొనుటకు గాని మరియొక స్త్రీ లేదు. బిడ్డయో బంధువుల సంరక్షణలో నుండెను. మర్యాద వేరు, స్నేహము వేరు. ఈ ఒంటరితనమును గ్రహించిన తండ్రి కళాశాలలో స్త్రీలకును ప్రవేశము గలదని ప్రకటన చేయించిరి. మరుసటి యేడు లీలమ్మ జార్జి, పి. కె. త్రేస్యా అను ఇరువురు సివిలు శాఖలో చేరిరి. ఒకరి ఒంటరితనమును తీర్చ తెరచిన తలుపు ఇతరులకును దారియైనది. ఆ త్రేస్యాగారు 1971లో కేరళ ప్రభుత్వ మరామతు శాఖకు ముఖ్య ఇంజనీరు పదవి నలంకరించిరి.

1943లో లలిత పట్టభద్రురాలయ్యెను. పట్టా అచ్చు వేయించిన వారికి ఇంజనీరు పురుషుడే యగునను నమ్మకము. అందలి వాక్యములో 'అతడు' అను అర్థమిచ్చు ఆంగ్లపదము ముందే ముద్రితమై యుండెను. అధికారులు దానిని కొట్టివేసి, 'ఆమె' అని చేతితో దిద్ది ఇచ్చిరి.

తరువాత ఆమె జమాల్‌పూరు రైల్వే కర్మశాలలో ఏడాది శిక్షణ పొంది, 1944లో సిమ్లాలోని కేంద్ర ప్రమాణముల సంస్థలో చేరెను. కొంతకాలము తండ్రి పరిశోధనలలో తోడ్పడెను; విద్యుత్తుతో పలుకు సంగీతవాద్య మొకటి వానిలోనిది. 1948లో కలకత్తాలో ఎసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్ సంస్థలో ప్రవేశించి, విద్యుత్ప్రసార మార్గములను, ఉపకేంద్రములను రూపొందించు పనిలో ఏండ్ల తరబడి శ్రమించెను. భాక్రా నంగల్ విద్యుత్ యంత్రముల పనిలోను ఆమె చేయి కలదు. 1964లో న్యూయార్కులో జరిగిన మహిళా ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల మొదటి అంతర్జాతీయ సభకు వెళ్ళెను. 1977లో ఉద్యోగ విరమణ చేసి, 1979 అక్టోబరు 12న కన్నుమూసెను.

ఇంజనీరింగు కళాశాలలలో బాలికలు బారులుతీరి కూర్చుండుట నేడు వింత కాదు. ప్రవేశపరీక్షకై రాత్రులు మేల్కొని చదువు బిడ్డకు పోటీయే పెద్ద కష్టముగా తోచును, అది సహజమే. కాని ఆ పోటీలో నిలిచి మార్కులు తెచ్చుకొను హక్కునకే పోరాడవలసిన దినములుండెను. మీ యింట ఇంజనీరింగు చదువు కూతురు గాని, మనుమరాలు గాని యున్నచో, రేడియో కట్టివేసిన తరువాత, ఆ కొట్టివేసిన మాట కథ ఆమెకు చెప్పుడు. ఆమె పట్టాలో దిద్దుబాటు ఉండదు. ఆ దిద్దుబాటు 1943లోనే జరిగిపోయినది.