పొడుం డబ్బీ మీద అమ్మవారు



పోయిన సమావేశం అయ్యాక టీ తాగుతుంటే ఒక అక్క అడిగారు: "మా పచ్చళ్ళకు పదేళ్ళ నుంచి అమ్మవారి పేరే. ఇప్పుడింకెవరో అదే పేరు పెట్టారు. రిజిస్టరు చేయించలేదు, పేరు పోయినట్టేనా?" అప్పుడు సరిగా చెప్పలేకపోయాం. మన వ్యాసర్పాడిలో ఇంట్లో చేసి అమ్ముకునే వాళ్ళందరికీ పనికొస్తుందని చదివి రాస్తున్నాం.

ముందు ఒక మద్రాసు కథ. పొడుం, అదే ముక్కుపొడి, అమ్మే ఒక కంపెనీ 'శ్రీ అంబాళ్' పేరు రిజిస్టరు చేసుకుంది. ఇంకో పొడుం వ్యాపారి 'శ్రీ ఆండాళ్' పేరుకు దరఖాస్తు పెట్టారు. అంబాళ్ వాళ్ళు అడ్డం చెప్పారు. తగువు సుప్రీంకోర్టు దాకా పోయి 1969లో తేలింది. ఒకరు శివుడి ఇల్లాలు, ఇంకొకరు రంగనాథుణ్ణి వరించిన శ్రీవిల్లిపుత్తూరు గోదాదేవి. ఆముక్తమాల్యద తెలిసిన మనం ఇద్దరినీ ఒకటంటే ఊరుకుంటామా! కోర్టుకూ ఆ తేడా తెలుసు. కానీ పొడుం కొనేవాడు శైవం, వైష్ణవం తూచి కొనడు, చెవిన పడ్డ పేరే గుర్తుంచుకుంటాడు, ఆ చెవికి రెండూ దగ్గరే అంది. ఆండాళ్‌కు రిజిస్ట్రేషను దక్కలేదు.

అలాగని దేవుడి పేరు ముందు రాయించుకున్నవాడి సొత్తయిపోదు. 'రామాయణ్' అగరుబత్తీల కేసులో 2015లో అదే సుప్రీంకోర్టు, పవిత్ర గ్రంథం పేరును ఒక్కరే తమ సొంతం చేసుకోవడం కుదరదంది. అంతకుముందు అదే మాట చెప్పిన అప్పీళ్ళ బోర్డు ప్రధాన కార్యాలయం మన చెన్నైలోనే ఉండేది. 2021లో బోర్డును ఎత్తేసి కేసులు హైకోర్టులకు ఇచ్చారు.

2017 నిబంధనలతో 74 ఫారాలు 8 అయ్యాయి. ఆన్‌లైన్లో పెడితే వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఒక్కో తరగతి సరుకుకు 4,500 రూపాయలు, మిగతావాళ్ళకు 9,000. ముప్పై సెకన్లు దాటని శబ్దాన్ని కూడా గుర్తుగా నమోదు చేయించవచ్చు. 2025 నవంబరులో గులాబీ వాసన వచ్చే టైర్లకు ఆ వాసననే గుర్తుగా ప్రకటించడానికి ఒప్పుకున్నారు. ఆనాటి పొడుం వ్యాపారులు వింటే ఏమనేవాళ్ళో!

ఇక అక్క ప్రశ్న. పేరు పోలేదు. 1999 చట్టం ప్రకారం, అవతలివాళ్ళు రిజిస్టరు చేయించుకున్నా, వాళ్ళకంటే ముందు నుంచి ఆపకుండా వాడుతున్నవాళ్ళను ఆపలేరు. కానీ రుజువు కావాలి. దరఖాస్తులో ఎప్పటినుంచి వాడుతున్నామో ప్రమాణపత్రం ఇచ్చి, బిల్లులు జతచేయాలి. అవతలివాళ్ళ పేరు ట్రేడ్ మార్క్స్ జర్నల్లో వస్తే అభ్యంతరానికి నాలుగు నెలలే గడువు, తర్వాత పొడిగింపు లేదు. మన ప్రాంతానికి ఆఫీసు గిండీలో ఉంది. ఆంధ్ర, తెలంగాణ దరఖాస్తులూ దాని కిందికే వస్తాయి.

అక్కా, మొదటిసారి లేబుళ్ళు అచ్చు వేయించినప్పటి ప్రెస్సు బిల్లు ఇంట్లో ఉందేమో వెతకండి. ఆదివారం తెస్తే అందరం కూర్చుని చూద్దాం.