పావురాలు బడికెక్కిన కథ

పాటలీపుత్రం రాజు సుదర్శనుడికి చదువు అబ్బని కొడుకులున్నారు. ఆరు నెలల్లో వాళ్లను నీతిశాస్త్రంలో గట్టివాళ్లను చేస్తానని విష్ణుశర్మ మాటిచ్చి, కాకినీ ఎలుకనీ పిలిచి కథ మొదలుపెట్టాడు. హితోపదేశం ఎత్తుగడ ఇది. అంటే ఈ కథలు పుట్టడమే పాఠాలుగా పుట్టాయి. అయినా ప్రతి కాలపు బడీ వాటిని తన అవసరానికి తిరగరాసుకుంది.

తెలుగులో 15వ శతాబ్దంలో దూబగుంట నారాయణకవి, ఈ కథలకు మూలమైన పంచతంత్రాన్ని పద్యకావ్యంగా మలిచాడు. 1812లో చెన్నపట్నంలో సెయింట్ జార్జి కోట కాలేజీ వెలిశాక అవసరం మారింది. కంపెనీ కొలువుకు వచ్చిన దొరలకు తెలుగు నేర్పాలి, పద్యాలతో ఆ పని సాగదు. ఆ కాలేజీ పండితుడు రావిపాటి గురుమూర్తి శాస్త్రి అవే కథలను వచనంలో పెట్టాడు.

అసలు మలుపు 1853లో వచ్చింది. ఆ ఏడు ఈ కథలతోనే పరవస్తు చిన్నయసూరి వచనంలో రాసిన 'నీతిచంద్రిక' వెలువడింది. అందులో ఉన్నవి మిత్రలాభం, మిత్రభేదం అనే రెండు భాగాలు మాత్రమే.

మిత్రలాభంలోని వల ఘట్టం చూడండి. అడవిలో నేల మీద నూకలు కనబడతాయి. మనుషులు తిరగని చోట ఇవెలా వచ్చాయని పావురాల రాజు చిత్రగ్రీవుడు అనుమానిస్తాడు. గుంపు వినదు, దిగి చిక్కుకుంటుంది. అప్పుడు అన్నీ ఒక్కసారి రెక్కలు విప్పి వలతో సహా ఎగురుతాయి. అవి చేరిన చోట హిరణ్యకుడనే ఎలుక ముందుగా తన స్నేహితుడు చిత్రగ్రీవుడి కట్లు కొరకబోతే, ముందు నా వాళ్లవి తెంపమంటాడతను. అయిదేళ్ల పిల్లకైనా ఒక్క మాట విడమరచనక్కర్లేని కథ.

సూరి ఆ పావురాల చేత గ్రాంథికం మాట్లాడించాడు. సంధులు ఎక్కడ కలవాలో అక్కడ కలిశాయి, అరసున్నలు, బండిరలు తమ చోట తాము కూర్చున్నాయి. కథ చదువుతూనే కుర్రవాడికి వ్యాకరణంలో చెయ్యి తిరగాలి. కొన్నేళ్లకే ఆయన రాసిన 'బాలవ్యాకరణం' అదే భాషకు సూత్రాలు కట్టింది. లక్ష్యమూ లక్షణమూ, అంటే రచనా దాని సూత్రాలూ, ఒకే చేతి నుంచి రావడం ఏ భాషలోనైనా అరుదైన సంగతి. ఆ వచనం నడక ఇవాళ పైకి చదివినా గంభీరంగా, నిండుగా వినిపిస్తుంది.

మిగిలిన విగ్రహం, సంధి భాగాలు సూరి రాయలేదు. ఆయన పోయాక కొక్కొండ వెంకటరత్నం పంతులు విగ్రహం రాశాడు. కందుకూరి వీరేశలింగం విగ్రహం, సంధి రెండూ పూర్తిచేశాడు. సూరి బాటలోనే వాళ్లూ నడిచారు.

చిక్కు కూడా అక్కడే మొదలైంది. చదవడానికి ఇంపుగా ఉన్న భాషనే పిల్లలు తమ వ్యాసాల్లో రాయాలన్నారు. ఇంట్లో ఎలుకను తరమమని ఎవరూ ఆ భాషలో అనరు. నాకు ఇది పిల్లల మీద పెట్టిన అన్యాయమైన బరువుగానే తోస్తుంది. పరీక్షల్లో వాడుక భాషకు చోటుండాలా అన్న రగడ 1911 నుంచి 1914 దాకా మద్రాసు రాజధానిని కుదిపింది. గ్రాంథికం పక్షాన జయంతి రామయ్య పంతులు, వాడుక భాష పక్షాన గిడుగు రామమూర్తి నిలబడ్డారు. గిడుగు ఊరికే వాదించలేదు. గ్రాంథికమే రాయాలని పట్టుబట్టిన పండితుల రాతల్లోనే తప్పులు ఒక్కొక్కటిగా ఏరి, 'ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం' అనే పుస్తకంలో పెట్టి చూపించాడు.