కర్మ సిద్ధాంతం – పరుల బాధ పట్ల మన బాధ్యత

ఇరుగుపొరుగున ఎవరికైనా ఆపద వచ్చినప్పుడు తెలుగువారు "చేసుకున్నవారికి చేసుకున్నంత" అంటారు. కర్ణాటక సరిహద్దు గ్రామాలలో ఇదే భావం "మాడిద్దుణ్ణో మహారాయ" అన్న కన్నడ సామెతగా వినిపిస్తుంది. చేసినది అనుభవించక తప్పదని రెండింటి తాత్పర్యం. తన నడత తాను దిద్దుకొనుటకు ఈ మాట మంచిదే. అయితే ఎదుటివారి కన్నీరు చూసి ఇదే మాట అని తలుపు మూసుకొనుట కర్మ సిద్ధాంతం కాదు.

కర్మ భేదాలు

కర్మ మూడు విధాలని పెద్దలు విభజించారు. పూర్వజన్మలలో కూడబెట్టినది సంచితం. అందులో నేడు అనుభవానికి వచ్చినది ప్రారబ్ధం. ఇప్పుడు చేయుచున్న పనుల వలన ముందుకు చేరునది ఆగామి. ఇతరుల ప్రారబ్ధం మన కంటికి కనబడదు. మన చేతిలో ఉన్నది మన ఆగామి మాత్రమే. కావున బాధలో ఉన్నవానికి సాయపడుట, సాయపడకుండుట రెండూ మన కర్మలే.

గ్రంథాలు చెప్పునది

మహాభారతంలోని స్వర్గారోహణ పర్వంలో ధర్మరాజు నరకమార్గాన నడుస్తుండగా ఆర్తనాదాలు వినిపిస్తాయి. ఆయన దగ్గర నిలిస్తే తమ బాధ తగ్గుతున్నదని వారు వేడుకుంటారు. వారెవరో, ఏ పాపం చేశారో తెలియకముందే ఆయన ఆగిపోతాడు. భాగవత నవమ స్కంధంలోని రంతిదేవుడు 48 దినాలు ఉపవసించిన పిదప దొరికిన ఆహారాన్ని, నీటిని సైతం వచ్చినవారికి ఇచ్చి, సకల ప్రాణుల దుఃఖం తానే అనుభవించాలని కోరుకుంటాడు.

సంయుక్త నికాయంలో శివకుడను పరివ్రాజకునితో బుద్ధుడు, బాధలన్నీ పూర్వకర్మ ఫలాలు కావని, పిత్తం, శ్లేష్మం, వాతం, ఋతువుల మార్పు వంటివి కూడా కారణాలని చెప్పాడు. ఆయువు ముందే నిర్ణయమైతే ఔషధంతో పనేమిటని చరక సంహిత ప్రశ్నించి, దైవంతో పాటు పురుష ప్రయత్నానికీ స్థానమిచ్చింది.

కుష్ఠు నేర్పిన పాఠం

కర్మ పేరిట ఎక్కువ అన్యాయానికి గురైనవారిలో కుష్ఠు రోగులు ముఖ్యులు. "పెద్దరోగం" పూర్వజన్మ పాపఫలమని నమ్మి వారిని ఊరి వెలుపలికి పంపేవారు. 1873లో నార్వే వైద్యుడు హాన్సెన్ ఈ వ్యాధికి కారణమైన సూక్ష్మక్రిమిని కనుగొన్నాడు. అనగా ఇది కూడా అంటువ్యాధులలో ఒకటి. అందునా చాలామందికి దీనిని తట్టుకొనే శక్తి సహజంగానే ఉంటుంది.

తరతరాలుగా తెలుగు కుటుంబాలు నివసిస్తున్న మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో, వరోరా వద్ద బాబా ఆమ్టే (1914–2008) స్థాపించిన ఆనందవన్ ఇందుకు సమాధానంగా నిలిచింది. వృత్తిరీత్యా న్యాయవాది అయిన ఆయన ఒకనాడు వానలో పడి ఉన్న కుష్ఠు రోగిని చూసి భయంతో పారిపోయాడు. ఆ భయానికి తానే సిగ్గుపడి తిరిగి వచ్చి అతనికి సేవ చేశాడు. పిదప కలకత్తాలో కుష్ఠు చికిత్సలో శిక్షణ పొంది, 1949లో మహారోగి సేవా సమితిని నెలకొల్పాడు. ఆనందవన్‌లో రోగులు భిక్షకు బదులు సేద్యం, చేతిపనులతో జీవించుట నేర్చారు.

చట్టం మాత్రం ఆలస్యంగా మారింది. బిచ్చమెత్తే కుష్ఠు రోగులను నిర్బంధించుటకు వీలిచ్చిన 1898 నాటి చట్టం 2016లో రద్దయింది. కుష్ఠు కారణంగా విడాకులు కోరే వీలును 2019లో తొలగించారు.

గ్రామస్థుల కర్తవ్యం

2005 చివరికి దేశస్థాయిలో కుష్ఠు 10,000 జనాభాకు ఒకటి కన్నా తక్కువకు చేరింది. అయినను 2023లో భారతదేశంలో లక్షకు పైగా కొత్త రోగులను గుర్తించారు. చర్మంపై పాలిపోయిన లేదా ఎర్రని మచ్చ, అక్కడ స్పర్శ లేకపోవుట ప్రధాన లక్షణం. వ్యాధి రకాన్ని బట్టి 6 లేదా 12 నెలల మందులు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ఉచితంగా ఇస్తారు. మందులు మొదలైన పిదప త్వరలోనే వ్యాధి ఇతరులకు సోకే అవకాశం పోతుంది. ఆలస్యమైతే చేతులు, కాళ్ళు, కళ్ళు శాశ్వతంగా దెబ్బతినవచ్చు.

పాపభయంతో మచ్చను దాచుకొనే పొరుగువానిని ఆశా కార్యకర్త వద్దకు తోడుగా తీసుకుపోవుట, చికిత్స పొందుతున్నవానిని పంక్తిలో పక్కన కూర్చోబెట్టుకొనుట ప్రతి కుటుంబం చేయగలదు. అతని గతజన్మ ఎవరికీ తెలియదు. అతని పట్ల నేడు ఊరు చేయునది మాత్రం ఊరి కర్మ అవుతుంది.