అడుగులు వినే పాట

1972లో అల్ ఆల్‌కార్న్ అటారీ కోసం 'పాంగ్' ఆట తయారుచేస్తుంటే, యజమాని నోలన్ బుష్నెల్ ఓ కోరిక కోరాడు. పాయింటు గెలిస్తే వేలమంది జనం హోరెత్తినట్టు వినపడాలట. భాగస్వామి టెడ్ డాబ్నీకేమో ఓడినవాణ్ణి జనం గేలిచేసే కేకలు కావాలి. ఆల్‌కార్న్ చేతిలో ఉన్న సర్క్యూటుకు అంత శక్తి లేదు. తెరమీద బొమ్మ కదలకుండా నిలబెట్టే భాగంలోనే వెతికితే వినడానికి పనికొచ్చే పౌనఃపున్యాలు కొన్ని దొరికాయి. వాటినే స్పీకరుకు కలిపేశాడు. బంతి బ్యాటుకు తగిలినప్పుడల్లా పొట్టిగా ఒక 'పిప్'. హోరు రాలేదు కానీ, తెరమీది చుక్కకు బరువొచ్చింది.

ఆరేళ్లకు జపాన్‌లో తోమోహిరో నిషికాడో 'స్పేస్ ఇన్వేడర్స్' చేశాడు. పదకొండేసి చొప్పున ఐదు వరుసలు, మొత్తం 55 గ్రహాంతర జీవులు. అన్నిటినీ కదపడం ఆనాటి ప్రాసెసరుకు మోయలేని పని. ఆటగాడు ఒక్కొక్కటే కూల్చేకొద్దీ యంత్రానికి బరువు తగ్గి, మిగిలినవి వేగం పుంజుకునేవి. నిషికాడో ఆ తీరును సరిదిద్దకుండా ఆటలో భాగంగా ఉంచేశాడు. వెనకాల అవరోహణలో నాలుగే నాలుగు మంద్ర స్వరాలు, మళ్లీ అవే. శత్రువులు తగ్గేకొద్దీ ఆ దరువూ ముదిరేది. ఆడేవాడి గుండె కూడా.

సినిమా పాటకు, ఆట సంగీతానికి తేడా ఇక్కడే ఉంది. సినిమాలో సన్నివేశం ఎంతసేపో సంగీత దర్శకుడికి ముందే తెలుసు. ఆటలో తెలియదు. ఒకడు రెండు నిమిషాల్లో దాటే చోట ఇంకొకడు గంటసేపు చిక్కుకుపోవచ్చు. కూచిపూడి వేదిక మీద మృదంగం నర్తకి పాదం మీద కన్నేసి ఉంటుంది చూడండి, ఆట సంగీతమూ అలా ఆడేవాణ్ణి కనిపెట్టుకుని ఉండాలి.

1983లో వచ్చిన నింటెండో ఫామికామ్‌లో శబ్దానికి ఐదే ఛానెళ్లు. రెండు బాణీకి, ఒకటి మంద్రానికి; ఈ మంద్రానికి శబ్దం పెంచే తగ్గించే వీలు కూడా లేదు. నాలుగోది బుస్సుమనే రొద, తాళవాద్యాల పని దానిదే. ఐదోది చిన్న చిన్న రికార్డింగు ముక్కలకు. పాటా, ఆటలోని చప్పుళ్లూ వీటినే పంచుకోవాలి. మారియో ఎగిరిన క్షణంలో పాటలో ఒక గొంతు ఆగి, ఎగిరిన చప్పుడుకు చోటిస్తుంది. ఆడేవాళ్లలో ఎక్కువమంది దీన్ని గమనించనే లేదంటే, అది ఆ సంగీతం కట్టిన కోజి కోండో నేర్పు.

ఒసాకా కళా విశ్వవిద్యాలయంలో చదివిన కోండో 1984లో నింటెండోలో చేరాడు. మరుసటి ఏడు 'సూపర్ మారియో బ్రదర్స్'కు అతను మొదట కట్టిన బాణీ మారియో నడకకు అతకలేదు. దాన్ని పక్కన పెట్టేసి, పరుగుకూ గెంతుకూ సరిపడే లయలో మళ్లీ కట్టాడు. నీళ్లలో ఈదే చోట పాట తిశ్రంలోకి మారి తూగుతుంది. గడియారంలో 100 మిగిలేసరికి అదే బాణీ తరుముతుంది. 1990ల్లో టీవీకి తగిలించే గేములో 'క్యాసెట్' గుచ్చి ఆడిన మన ఊళ్ల పిల్లలకు కోండో పేరు తెలియదు. ఆ తరుము వినగానే మాత్రం వెన్ను నిటారుగా పెట్టి కూర్చునేవారు. 2023లో అమెరికా కాంగ్రెస్ లైబ్రరీ ఆ పాటను తన జాతీయ రికార్డింగుల పట్టికలో చేర్చింది. వీడియో గేము సంగీతానికి అందులో చోటు దక్కడం అదే మొదలు.

1990ల్లో యంత్రాలకు చోటు పెరిగింది, అసలైన వాద్యబృందాలూ వచ్చాయి. అయినా 1991లో లూకాస్‌ఆర్ట్స్‌కు చెందిన మైకేల్ ల్యాండ్, పీటర్ మెకానెల్ 'మంకీ ఐలాండ్ 2' కోసం కష్టపడింది పాత సమస్యతోనే. వారి 'ఐమ్యూజ్' పద్ధతిలో కథానాయకుడు ఒక గదిలోంచి మరో గదిలోకి వెళ్తే, పాట తెగకుండా ఆ గది బాణీలోకి ఒదిగిపోతుంది.

కోయిచి సుగియామా దారి వేరు. అప్పటికే టీవీ సంగీతంలో పేరున్న మనిషి. ఎనిక్స్ కంపెనీ వారి షోగి (జపాను చదరంగం) వీడియో గేము ఒకటి ఆడి, అభిప్రాయం రాసి కార్డు పంపాడు. ఆ కార్డు పట్టుకుని కంపెనీయే అతణ్ణి వెతుక్కుంటూ వచ్చింది. అలా 1986లో 'డ్రాగన్ క్వెస్ట్' సంగీతం పుట్టింది. ఏడాది తిరిగేసరికి టోక్యో సంటోరీ హాల్లో దాన్ని వాద్యబృందంతో కచేరీగా వినిపించారు.

2021 జులై 23న టోక్యో ఒలింపిక్స్ ఆరంభ వేడుకలో, కోవిడ్ వల్ల ప్రేక్షకులు లేని స్టేడియంలోకి క్రీడాకారుల కవాతు మొదలైంది ఆ ఆట ప్రారంభ గీతంతోనే. సుగియామాకు అప్పుడు 90 ఏళ్లు. ఒకప్పుడు తెరమీది చిన్న బొమ్మ వీరుడి కోసం కట్టిన ఆ బాణీకి, ఆ రాత్రి దేశదేశాల మనుషులు నిజంగా అడుగులు వేశారు. మరో రెండు నెలలకు ఆయన కన్నుమూశాడు.