గోర్ష్‌కోవ్ విక్రమాదిత్య ఐన వైనము

పాత ఇల్లు బాగుచేయించిన గృహస్థులకు మేము చెప్పబోవు సంగతి కొత్త కాదు. ఒక దూలము మార్చుదమని పైకప్పు విప్పుదుము; విప్పిన పిదప గాని చెదలు ఎంతవరకు ప్రాకినదో తెలియదు. అప్పటికి వడ్రంగితో మాట్లాడుకొన్న కూలి చాలదు. సుమారు 45 వేల టన్నుల యుద్ధనౌక విషయమున ఇదే జరిగినది.

ఆ నౌక 1987లో 'బాకూ' అను పేర సోవియట్ నావికాదళమున చేరి, తరువాత 'అడ్మిరల్ గోర్ష్‌కోవ్' ఐనది. 1996లో దానిని సేవ నుండి తప్పించినారు. 2004 జనవరిలో భారత, రష్యా ప్రభుత్వముల నడుమ ఒడంబడిక కుదిరినది. ఓడ ఉచితము; దానిని పునర్నిర్మించుటకు మాత్రము 97 కోట్ల 40 లక్షల డాలర్లు; అప్పగింత 2008లో. ముందుభాగమునందలి క్షిపణులను తొలగించి, విమానములు పైకెగయుటకు వీలుగా కొన పైకి వంగిన తలమును కట్టవలెను.

పని శ్వేతసముద్ర తీరమున సెవెరోద్విన్‌స్క్ పట్టణమందలి సెవ్‌మాష్ నౌకానిర్మాణశాల చేపట్టినది. అణు జలాంతర్గాములను కట్టుటలో అది పేరుగన్నది. విమానవాహక నౌక దానికి కొత్త. ఆ ఓడ పుట్టిన నికొలాయెవ్ నగరము, సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమైన పిమ్మట, ఉక్రెయిన్‌కు చెంది పరదేశమైనది. కట్టిన చేతులొకచోట, విప్పు చేతులొకచోట. తొలి అంచనాయో, ఓడను పూర్తిగా విప్పి చూడకమునుపు వేసినది. తీరా చూడగా 2,500 గదులలో 1,750 గదులను మరల కట్టవలసి వచ్చినది. విద్యుత్తీగెల పొడవు అనుకొన్నదానిని ఎంతో మించినది. ఇంత వెచ్చించి పాత ఓడ కొనుట కన్న కొత్తదే చవుక కదా యని 2009లో మన కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ ఆక్షేపించినారు. ఐనను 2010లో ధరను సుమారు 235 కోట్ల డాలర్లకు పెంచి ఒప్పుకొనక తప్పలేదు.

మా దృష్టిలో ధర కన్న బాయిలర్ల ఘట్టమే ముఖ్యమైనది. 2012లో సముద్ర పరీక్షలు జరుగుచుండగా, పూర్తి వేగమున నడిపినప్పుడు, 8 బాయిలర్లలో 7 చెడినవి. రష్యా నౌకానిర్మాణాధికారులు చెప్పిన కారణమిది: వేడి నాపుటకు ఆస్బెస్టాస్ వాడుదమనగా, నావికుల ఆరోగ్యమునకు హాని యని భారతపక్షము వలదన్నది, అందుచే అగ్ని ఇటుకలు పేర్చినారు, ఆ ఇటుకలు వేడికి తాళలేదు. ఆస్బెస్టాస్ వలదనుట న్యాయమే. అది ఊపిరితిత్తులను తినివేయును. కాని ఒక పదార్థమును మార్చినపుడు కొనువారు, రూపకర్త, ఇటుక పేర్చువారు ముగ్గురును కూర్చుండి, ఆ మార్పు ఎంతవేడికి ఓర్చునో తేల్చుకొనవలసినది. అది తేలినది నడిసముద్రమున.

ఇంతలో చలికాలము వచ్చినది. శ్వేతసముద్రము గడ్డకట్టును గనుక మరుసటి పరీక్షలకు 2013 వేసవి దాక ఆగవలసి వచ్చినది. ఈమారు బాయిలర్లు నిలిచినవి. ఆ యేడు నవంబరు 16న 'విక్రమాదిత్య' మన నావికాదళమున చేరి, 2014 జనవరిలో కార్వార్ రేవునకు వచ్చినది.