పొత్తములతో ఊరి పొత్తు

1901వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదు నగరమున రావిచెట్టు రంగారావుగారి యింట నొక గ్రంథాలయము వెలసెను. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు, మునగాల రాజా నాయని వేంకట రంగారావుగారు మున్నగు పెద్దలు దానికి పూనుకొనిరి. వారు దానికిడిన పేరు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము. పుస్తకము లుండు చోటును పుస్తకముల పేర గాక భాష పేర పిలుచుట గమనింపదగినది. రాజ్యవ్యవహార మంతయు ఉర్దూలో సాగుచు, నలుగురిలో తెలుగు మాటాడుటకే జనులు జంకుచుండిన పట్టణ మది. అచ్చటివారికి కావలసినది నాలుగు బీరువాల గ్రంథములు మాత్రమే కాదు. తమ మాట చెల్లెడి గడప యొకటి కావలెను. ఆ కొఱత నెఱిగి తలుపు తెఱచుటచేతనే ఆ సంస్థ వేళ్లూనెను. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రుని పేర వెలసినదియు భాషానిలయమే. పిదపకాలమున గస్తీ నిషాన్ 53 పేరిట సభలకు ముందనుమతి కావలెనని నిజాము ప్రభుత్వము కట్టడి చేయగా, నలుగురు కూడి చదువుకొను చోటునకు విలువ మఱింత హెచ్చెను. 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతన ప్రథమాంధ్ర మహాసభ జరిగెను. ఆ సభకు వచ్చినవారి వెనుక ఇట్టి పఠనమందిరములలో గడచిన సాయంకాలము లెన్నియో కలవు.

కోస్తా జిల్లాలలో సంగతి వేఱు. అచ్చట భాషకు వెఱపు లేదు, డబ్బునకే యిబ్బంది. బెజవాడలో 1911లో రామమోహన గ్రంథాలయ మేర్పడెను. ఆ పట్టణముననే అయ్యంకి వేంకటరమణయ్యగారి పూనికవలన 1914 ఏప్రిల్ 10వ తేదీన చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి యధ్యక్షతన గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగి, ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము పుట్టెను. ఒక భాష మాటాడు ప్రాంతమందలి పఠనాలయము లన్నియు ఒక్క త్రాటిపైకి వచ్చుట దేశమున నప్పటికి క్రొత్త. గ్రంథాలయ సర్వస్వ మను పత్రికయు పిమ్మట వెలువడి, ఒక యూరి ప్రయత్నమును మఱియొక యూరికి తెలుపుచుండెను.

అయితే నూటికి పదిమందికైనను అక్షరములు రాని కాలమున గ్రంథాలయ మెవరికొఱకు? ఈ ప్రశ్నకు నాటి కార్యకర్తలు తర్కముతో గాక ఆచరణతో బదులు చెప్పిరి. చదువ వచ్చినవాడు రచ్చబండకడ కూర్చుండి వార్తాపత్రికను పైకి చదువును, తక్కినవారు విందురు. రాత్రి బడి, పురాణ కాలక్షేపము, హరికథ, భజన ఇవి యన్నియు గ్రంథాలయపు పనులే యయ్యెను. పుస్తకము తాకనివాడును చందా యిచ్చుటకు కారణ మిదియే. వాడిచ్చినది బేడయో పావలాయో కావచ్చును. కాని ఇచ్చినవాడు మఱునాడు వచ్చి, దీపమునకు నూనె కొన్నారా, పత్రిక ఏల రాలేదని యడుగును. కార్యదర్శులకు ఈ యడుగుట విసుగు పుట్టించియే యుండును. సంస్థకు మాత్రము అంతకు మించిన కాపలా లేదు.

వచ్చినవారికి పుస్తక మిచ్చుట యొక యెత్తు, రానివారికడకు పోవుట మఱియొక యెత్తు. గుంటూరు జిల్లా పెదపాలెమునకు చెందిన పాతూరి నాగభూషణముగారు ఈ రెండవదానిని తలకెత్తుకొనిరి. కృష్ణానదికి బెజవాడకడ ఆనకట్ట 1855 నాటికి పూర్తియైన పిమ్మట డెల్టా కాలువలు పొలములకు నీరిచ్చుటయే గాక బాటలుగ కూడ పనికివచ్చెను. వానకాలమున బండ్లు దిగబడు నల్లరేగడి నేలలలో ధాన్యమైనను, పెండ్లివారైనను పడవమీదనే సాగవలెను. ఆ కాలువమీదనే 1935 అక్టోబరులో నాగభూషణముగారు పడవ గ్రంథాలయమును నడపిరి. పెదవడ్లపూడికిని కొల్లూరునకును నడుమ అది రేవు రేవున నిలుచుచు, పుస్తకముల నిచ్చుచు, పాతవానిని తిరిగి తీసికొనుచు సాగెడిది. ఇందలి తెలివి పడవలో లేదు, రేవులో కలదు. ఊరివారెల్లరు నీటికో, స్నానమునకో, సరకుల దింపుటకో దినమున నొక్కమాఱైనను వచ్చు చోటది. పఠనాలయపు మెట్లెక్కుటకు మొగమోటపడు ఆడువారికిని, కూలినాలి చేయువారికిని రేవు పరాయిచోటు కాదు. జనులు కూడు చోటు వెదకి సంస్థయే అచ్చటికి పోయెను. వేసవిలో కాలువ కట్టివేసినచో పడవ కదలదు. ఊరి వ్యవసాయపు పంచాంగమే పుస్తకములకును పంచాంగ మయ్యెను. గ్రంథపాలకులకు శిక్షణ తరగతులు నడపినవారును నాగభూషణముగారే.

స్వాతంత్ర్యము వచ్చిన వెంటనే ఈ సంబంధమున పెద్ద మార్పు వచ్చెను. యస్.ఆర్. రంగనాథన్‌గారి చిరకాల కృషి ఫలించి 1948లో మదరాసు రాష్ట్రమున పౌరగ్రంథాలయ శాసనము వెలువడెను. ఆస్తిపన్ను రూపాయ కొక్కింటికి ఆఱు పైలు, అనగా అర్ధణా, గ్రంథాలయ సెస్సుగ వసూలుచేయ నిర్ణయించిరి. హైదరాబాదు రాష్ట్రమున 1955లోను, ఆంధ్రప్రదేశ మంతటికి 1960లోను శాసనములు వచ్చి, జిల్లా గ్రంథాలయ సంస్థలు నెలకొనెను. ఇది మేలుగాదని యనుట కృతఘ్నత. ఒక దాత మరణించినంతనే మూతపడు పఠనాలయము లెన్నియో ఉండిన దేశమున, ఎవరి దయయు నక్కఱలేని రాబడి యేర్పడినది. పేదయూరికిని శాఖాగ్రంథాలయము దక్కినది.

కాని పొత్తు మాఱినది. పావలా చందాదారు పన్నుదారు డయ్యెను. ఇంటిపన్ను రసీదులో కలిసిపోయిన సెస్సు తానిచ్చినట్లు చాలమంది యెఱుగనైన యెఱుగరు. ఎఱుగనిదానికి లెక్క యడుగువా డుండడు. పంచాయతీలు, పురపాలక సంఘములు జనులకడ వసూలుచేసిన సెస్సు గ్రంథాలయ సంస్థలకు సకాలమున చేరక బకాయి పడుట తరువాతి దశాబ్దులలో పలుమాఱులు జరిగెను. అట్టి వేళల ఊరివారు కదలిన సందర్భములు అరుదు. మునుపు పత్రిక ఒక్కదినము రాకున్న అడిగినవారు, ఇప్పుడు మాసములకొలది రాకున్నను ప్రభుత్వపు పనియని యూరకుండిరి. తప్పు శాసనముది కాదు. ధనమునకు దారి యేర్పఱచిన శాసనము ఊరి పెత్తనమునకు అంత శ్రద్ధతో దారి చూపలేదు, ఊరును అడుగలేదు.

వేటపాలెమునందలి సారస్వతనికేతనము ఈ బాటకు వెలుపల నిలిచి, తన కార్యవర్గము చేతనే నడచుచు వచ్చినది. 1918లో ఊటుకూరి వేంకట సుబ్బరాయ శ్రేష్ఠిగారు హిందూ యువజన సంఘము పేర దీనిని ప్రారంభించిరి. మగ్గముల చప్పుడు వినవచ్చు చేనేత ప్రాంత మది. పురపాలక సంఘపు పన్నుల భార మొల్లక 1921లో ఊరే విడిచి రామనగరమున పాకలు వేసికొని కాపురముండిన చీరాల, పేరాలలు దానికి పొరుగు. తమది కాదనుకొన్న పన్నునకు ఇండ్లే వదలిపోయిన సీమలోనే, తమదనుకొన్న గ్రంథాలయమునకు భవనములు లేచినవి. 1929లో గాంధీమహాత్ముడు అచ్చటికి వచ్చినప్పుడు జనసమ్మర్దమున విఱిగిన ఆయన చేతికఱ్ఱను నేటికిని భద్రపఱచియున్నారు. అంతకంటె విలువైనవి అచ్చటి పాత పత్రికల సంపుటములు. తూకమునకు అమ్ముడుపోవలసిన కాగితములను ఏండ్లతరబడి కుట్టించి, పురుగు పట్టకుండ కాపాడిరి. 2018లో నికేతనమునకు నూఱేండ్లు నిండినవి. తెలుగువారి గతశతాబ్ది చరిత్ర వ్రాయబూనిన పరిశోధకులు నగరములనుండి రైలెక్కి ఆ చేనేతవారి ఊరికి వచ్చి, దినములకొలది బసచేసి, ఆ సంపుటములను తిరగవేసికొని పోవుచున్నారు.