గంగాపూర్ రాళ్లలో శంకుధారి చెట్ల జాడ

మన ఆసిఫాబాద్ జిల్లా అడవి అంటే టేకు, ఇప్ప, మద్ది. పైన్, దేవదారు లాంటి శంకుధారి చెట్లు ఇక్కడ వాటంతట అవి పెరగవు. కానీ ఒకప్పుడు పెరిగినయి.

జైనూర్ దిక్కు నల్లరేగడి కింద ఉన్నది లావా రాయి. దాని వయసు సుమారు 6.6 కోట్ల ఏళ్లు. తూర్పున రెబ్బెన దగ్గరి గంగాపూర్ పేరుతో పిలిచే పొరలు ఇంకా పాతవి, 10 కోట్ల ఏళ్లు దాటినవి. వాటిలో శంకుధారి చెట్ల ఆకు ముద్రలు దొరికాయి. శాస్త్రవేత్తలు వాటికి పేజియోఫిల్లం, ఎలటోక్లాడస్ అని పేర్లు పెట్టారు. అయితే చూడండి, ఇవి చెట్టు పేర్లు కావు, ఆకు ఆకారానికి పెట్టిన పేర్లు. వేర్వేరు కుటుంబాల చెట్లకు కూడా ఒకే తీరు ఆకులుండొచ్చు. మరి ఏది ఎవరి చుట్టమో తేలేదెట్లా?

ఇక్కడ చెట్టు బంక పనికొస్తుంది. 1841లో జర్మనీలోని ఫిక్టెల్ కొండల దగ్గర, బురదనేలలో పూడిపోయిన పైన్ దుంగల్లో తెల్లని స్ఫటికాలను గుర్తించి ఫిక్టెలైట్ అన్నారు. అది పైన్ బంకే, కాలం గడిచి మారిన రూపం. 1930లలో ఆల్ఫ్రెడ్ ట్రైబ్స్ ముడిచమురులో ఆకుపచ్చ పత్రహరితం ఆనవాళ్లు చూపించాడు. చెట్టు పోయినా దాని రసాయనం మిగులుతుందని అట్లా తేలింది.

ఆ రసాయనాల్లో కుటుంబం గుర్తు ఉంటుంది. పైన్ బంకలో అబీటిక్ ఆమ్లం ఎక్కువ. ఫెరుజినాల్ అనే పదార్థం సైప్రస్, పోడోకార్పస్ కుటుంబాల్లో ఉంటుంది, పైన్ కుటుంబంలో ఉండదు. కానీ రాయి బాగా వేడెక్కితే ఇవన్నీ రెటీన్ లాంటి ఒకే పదార్థంగా మారి, తేడా చెరిగిపోతుంది. పైగా రసాయనం చెట్టు వంశం చెబుతుందే గానీ ఆ రాయి ఏ పొరలోదో, ఏ ఊరిదో చెప్పదు. దొరికిన చోటు రాసిపెట్టుకోకపోతే సగం చరిత్ర పోయినట్టే.

ఇది మనకెందుకంటారా? గోండుల నేల పేరు మీదనే 1876లో ఫైస్ట్‌మాంటెల్ ఈ రాళ్ల వరుసను గోండ్వానా అని అచ్చులో రాశాడు. తర్వాత ఎడ్వర్డ్ స్యూస్ ఆ పేరునే ఒక మహాఖండానికి పెట్టాడు. ప్రపంచమంతా మన పేరు పలుకుతుంటే, ఇక్కడ ఆ రాళ్లు కంకర కింద నలిగిపోవద్దు. ఆకు ముద్ర ఉన్న రాయి కనబడితే పగలగొట్టకండి, కడగకండి, తీసుకపోకండి. ఫోటో తీసి, చోటు రాసిపెట్టి, భూగర్భ శాఖకో కాలేజీ భూగర్భశాస్త్రం సారుకో చెప్పండి.